ఇంజను ఉడుకునీళ్ళు

మా నాగవేణి ఫోన్ చేసి, "అక్కా, బోటుకు కొత్తగా నీళ్ళ దారి పెట్టినాం. ఇంజను ఇప్పుడు కాగడంలే. చూద్దువు రా" అంటే, అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళను బతిమాలుకుంటూ కర్నూలు నుంచి గండికోటకు బయల్దేరాను. బోటు ఇంజను చూడటానికి అంత దూరం పోతున్నానంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. వాళ్ళు నమ్మకపోవడం న్యాయమే. నేను పోయింది ఇంజను కోసం కాదు, నాగవేణి వాళ్ళ నాయన కోసం. ఆయన మా నాయనకు తమ్ముడు, నాకు చిన్నాయన. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి యాభై ఏళ్ళకు పైగా నా దగ్గరే ఉండిపోయింది. పెళ్ళిళ్ళలో కలిశాం, చావుల్లో కలిశాం, పక్కపక్కన కూర్చుని అన్నాలు తిన్నాం. ప్రతిసారీ నోటిదాకా వచ్చింది, ప్రతిసారీ మింగేశాను. ఇప్పుడు ఆయనకు ఎనభై. పోయిన ఏడు ఒకసారి ఆస్పత్రిలో పడి లేచాడు. ఈసారి చెప్పకుండా వెనక్కి రాకూడదని బస్సు ఎక్కేముందే ఒట్టు పెట్టుకున్నాను.

గండికోట పక్కన, కట్టల వెనక నిలిచిన పెన్న నీళ్ళలో నాగవేణి ఒక బోటు తిప్పుతుంది. కోట చూడటానికి వచ్చినవాళ్ళను ఎక్కించుకుని, ఎర్రరాళ్ళ గోడల మధ్య అరగంట తిప్పి దించుతుంది. నలభై అయిదేళ్ళ మనిషి. చేతులకు ఎప్పుడూ గ్రీజు, కొప్పులో ఎప్పుడూ ఒక కనకాంబరాల దండ. రెండూ ఒకే మనిషికి ఎట్లా కుదిరాయని అడిగితే నవ్వేస్తుంది. ఆమె బోటులో ఇంజను లోపల వెనకవైపు పెట్టెలో కూర్చుని ఉంటుంది. దాని కాలు మాత్రం బోటు వెనక నీళ్ళలోకి వేలాడుతూ ఉంటుంది. ఆ కాలి చివరన పంకా తిరిగి బోటును తోస్తుంది. ఇంజనును చల్లబరిచే నీళ్ళను కూడా ఆ కాలికే ఉన్న చిన్నచిన్న బెజ్జాల్లోంచి పీల్చుకోవాలి. సముద్రం సంగతి నాకు తెలియదుగానీ, మన పెన్న నీళ్ళకు ఆ ఏర్పాటు సరిపడలేదు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే బురద, వానాకాలం కొత్తనీరు వస్తే ఒండ్రు, మధ్యలో నాచు. బెజ్జాలు మూసుకుపోయేవి. నీళ్ళు తోడే రబ్బరు చక్రం ఇసకకు అరిగిపోయేది. రెండుసార్లు నడినీళ్ళలో ఇంజను కాగిపోతే ఆపేసి, తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు వచ్చారట.

ఇప్పుడు నాగవేణి ఆ కాలిని నమ్ముకోవడం మానేసింది. బోటు అడుగున వెడల్పాటి మూతి పెట్టి నీళ్ళను అక్కణ్ణుంచే తీసుకుంటోంది. మూతి దాటగానే ఒక ఇత్తడి కొళాయి, దాని తర్వాత పైన గాజుమూత ఉన్న జల్లెడ డబ్బా, ఆ పైన మునుపటికంటే పెద్ద పంపు. నాచు ఎంత చేరిందో గాజులోంచి కనపడుతుంది. మూత విప్పి, చేత్తో తీసి పారేసి, మళ్ళీ మూసేయవచ్చు. కాగి బయటకొచ్చే నీళ్ళు మామూలుగా కాలి గుండా నీళ్ళ అడుగునే పోతాయి, ఎవరి కంటికీ కనపడవు. వాటిలో కొంచెం పాయ తీసి, వేలంత పైపుతో బోటు పక్కకు వదిలారు. ఇవన్నీ నాకు చూపిస్తూ నాగవేణి, "సగం నా తెలివి, సగం మా నాయన పోరు" అంది.

ఆ పోరు పెట్టే మనిషి ఒడ్డున రేకుల షెడ్డు కింద, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తలకు తుండుగుడ్డ చుట్టుకుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, నన్ను చూసి "ఏం పాపా, చిక్కిపోయినావే" అన్నాడు. ఆయన తప్ప ఈ లోకంలో నన్ను ఇంకెవరూ పాపా అనరు, చిక్కిపోయానని అసలే అనరు.

"బోటు ఎక్కుదాం పదక్కా" అంటూ నాగవేణి తాళంచెవి కోసం గోడ దగ్గరికి పోలేదు, సంచిలో వెతకలేదు. ఇంజను పెట్టె మూత ఎత్తి లోపలికి వంగింది. చూద్దును కదా, తాళంచెవి ఆ ఇత్తడి కొళాయి పిడికి తగిలించి ఉంది. పిడి తిప్పి కొళాయి తెరిస్తేగాని ఆ తాళంచెవి ఊడి రాదు. సాయంత్రం ఇంజను ఆపాక కొళాయి కట్టేసి మళ్ళీ అక్కడే తగిలిస్తారట. "నీళ్ళ దారి తెరవకుండా ఎవురూ ఇంజను ఆడించేకి లేదు. మా నాయన పెట్టిన పద్ధతి. కృష్ణ మీద లాంచీలు నడిపే కాలం నుంచి ఇదే పద్ధతి" అంది. నేను ఆ పిడి మీద చెయ్యి వేసి వంగి అట్లాగే ఉండిపోయాను. మోకాళ్ళ నొప్పి అనుకుని ఆమె నా చెయ్యి పట్టుకుంది.

కోయిలకుంట్ల వైపు మా పొలం కుందూ ఏటి ఒడ్డున ఉండేది. ఏట్లోంచి నీళ్ళు తోడటానికి ఒక ఆయిలింజను ఉండేది. దానికి రాతిగోడల గది, పైన బోదగడ్డి కప్పు. ఆ గదిలో అడుగు పెడితే కాలిన నూనె, తడిసిన తోలు బెల్టు, పక్కనే పసుపు ఆకు, అన్నీ కలిసిన ఒక వాసన ముక్కుకు తగిలేది. ఇప్పటికీ డీజిల్ బంకు దగ్గర నిలబడితే నాకు ఆకలి వేస్తుంది. నవ్వకండి. మా మధ్యాహ్నపు సద్దిమూట విప్పేది ఆ గది అరుగు మీదే. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, ఎర్రగడ్డ. ఇంజను టక్ టక్ మని ఆడుతుంటే ఆ తాళానికి నమలడం అలవాటైపోయింది. మా అమ్మ మెల్లగా తినమని తిట్టేది.

ఆ ఇంజనుకు చిన్నాయనే దిక్కు. దాన్ని తిప్పే ఇనుప హ్యాండిలు ఇంట్లో దేవుడి పటాల పక్కన కొయ్యకు వేలాడేది. పొద్దున్నే చిన్నాయన స్నానం చేసి, దేవుడికి ఒక దండం, హ్యాండిలుకు ఒక దండం పెట్టి భుజాన వేసుకుని పోయేవాడు. ఊళ్ళో ఎవరి ఇంజను మొండికేసినా ఆయనకే కబురు. ఆయన పనితనం అంతా అరచేతిలో ఉండేది. తోడిన నీళ్ళలో కొంత పక్కకు మళ్ళి, ఇత్తడి కొళాయి గుండా ఇంజను ఒంట్లోకి పోయి, దాని వేడిని మోసుకుని వేరే పైపులోంచి బయటికి వచ్చేవి. చిన్నాయన ఆ పైపు కింద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, జ్వరం చూసే డాక్టరు మాదిరి నిలబడేవాడు. "బాగుండాది" అంటే బాగున్నట్టే. "నలతగా ఉండాది" అంటే ఏదో మూసుకుపోయినట్టు. కుందూకు కొత్తనీరు వచ్చిన రోజుల్లో నీళ్ళు ఎర్రగా, జావలాగా ఉండేవి. ఆ ఒండ్రు ఇంజను లోపల పేరుకోకుండా ఆయన పైపు మూతికి మా జేజి పాత చీర నాలుగు మడతలు వేసి కట్టాడు. నాయన అమ్మను మేము జేజి అంటాం. అది పాత చీర అని ఆయన అనుకున్నాడు. జేజి అనుకోలేదు. ఆ తర్వాత నెల రోజులు ఆయన తువ్వాలు ఉతకలేదు ఆమె.

అయితే ఆ ఇంజను మీద మా ఇంటి ఆడవాళ్ళకు వేరే అభిమానం ఉండేది. చలికాలం శుక్రవారం వస్తే అందరం మూటలు కట్టుకుని ఇంజను గదికి పోయేవాళ్ళం. గది వెనక, ఉడుకునీళ్ళు పడేచోట ఒక రాతితొట్టి, చుట్టూ కందికట్టెల దడి. అక్కడ తలంట్లు. ఇంట్లో అండా కింద కట్టెలు పెట్టి కాచుకోనక్కర్లేదు, బిందెలు మోయనక్కర్లేదు. వేడి నీళ్ళు ధారగా పడుతూనే ఉంటాయి, ఎంతసేపైనా పోసుకోవచ్చు. ముందు జేజి, తర్వాత మా అమ్మ, తర్వాత పిల్లలం. చలి మరీ ఎక్కువైన రోజున ఏటి నీళ్ళు చల్లగా ఉండి, ఇంజనులోంచి వచ్చినా గోరువెచ్చగానే ఉండేవి. అప్పుడు జేజి దడిలోంచి "ఒరేయ్, రవ్వంత తిప్పురా" అని కేకవేసేది. చిన్నాయన గొణుక్కుంటూ కొళాయిని రవ్వంత కట్టేవాడు. ఇంజనులోకి నీళ్ళు తక్కువగా పోతాయి, అవే ఎక్కువ కాగి వస్తాయి. జేజి స్నానం కాగానే మళ్ళీ పూర్తిగా తెరిచేవాడు. "ఇది ఇంజనా, మీ అండానా?" అని ప్రతి శుక్రవారమూ అడిగేవాడు. ఎవరూ జవాబు చెప్పేవాళ్ళు కాదు.

ఆ శుక్రవారం నాకు పద్నాలుగేళ్ళు. తొడలదాకా జుట్టు ఉండేది, దాని మీద నాకు చెప్పరాని గర్వం. జేజి, అమ్మ పోసుకుని, తలలు తుడుచుకుంటూ ఇంటికి పోయారు. చిన్నాయన నీళ్ళు మళ్ళించే మడవ తిప్పడానికి పసుపు తోటలోకి పోయాడు. నేనొక్కదాన్నే మిగిలాను. తలకు శీకాయ పట్టించుకున్నాక నీళ్ళు చల్లబడ్డట్టు అనిపించింది. కేక వేస్తే వినేవాళ్ళు లేరు. కొళాయి ఎట్లా తిప్పాలో నాకు తెలియనిదా? ఎన్ని శుక్రవారాలు చూశాను? ఒంటికి చీర చుట్టుకుని, శీకాయ చేతులతోనే గదిలోకి దూరి, కొళాయి తిప్పాను. రవ్వంత అనుకున్నాను. కొంచెం సేపటికి నీళ్ళు పొగలు కక్కుతూ వచ్చాయి. ధార సన్నబడింది కూడా. అంత సుఖమైన స్నానం నా జన్మలో మళ్ళీ చేయలేదు. తల తుడుచుకుని, బట్టలు కట్టుకుని, ఎండలో జుట్టు ఆరబెట్టుకుందామని గట్టు మీదికి పోయి కూర్చున్నాను. కొళాయి సంగతి నాకు గుర్తే లేదు.

ఇంజను గొంతు మారింది. టక్ టక్ మనేది కాస్తా ఏడుపు గొంతుతో మూలిగింది. పసుపు తోటలోంచి చిన్నాయన పార పారేసి పరుగెత్తడం కనపడింది. ఆయన గదిలోకి దూరేలోపే లోపల టప్ మని ఒక చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం. ఏటి ఒడ్డున అంత నిశ్శబ్దం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంజను తల, అంటే దాని పైమూత, పగిలింది, లోపల పిస్టను పట్టేసింది. మా తాత, అంటే జేజినాయన, చేతికర్రతో వచ్చి గది గుమ్మంలో నిలబడి, "కొళాయి ఎవురు తిప్పిండేది?" అని అడిగాడు. నేను ఆయన వెనకాలే ఉన్నాను, తడి జుట్టు వీపు మీద అంటుకుని. నా నోరు తెరుచుకుంది, మాట రాలేదు. చిన్నాయన ఇంజను పక్కన కూర్చుని, తల ఎత్తకుండా, "నేనే నాయనా. అమ్మ పోసుకునేటప్పుడు తిప్పినా. తెరిచేది మర్చిపోయినా" అన్నాడు.

ఆయన నిజంగానే అట్లా అనుకున్నాడని నేను నమ్మాను. ఆ పొద్దున జేజి కోసం కొళాయి తిప్పిన మాట నిజమే కదా. తెరిచింది గుర్తులేక, తప్పు తనదే అనుకుంటున్నాడు. నేను నోరు విప్పితే ఆ భారం దిగిపోతుంది. విప్పలేదు. పసుపు కొమ్ము ఊరే సమయం అది. పక్క పొలాలవాళ్ళు దయతలచి వాళ్ళ ఇంజను నీళ్ళు వంతులవారీగా వదిలారు. అయినా సగం తోట ఆకు వాలి, పసుపు సన్నబడింది. జేజినాయన తిట్టలేదు, కొట్టలేదు. ఇంజను బాగై వచ్చిన రోజున కొయ్య మీది హ్యాండిలు తీసి, చిన్నాయనకు కాకుండా మా నాయన చేతిలో పెట్టాడు, అంతే. ఊళ్ళో ఇంజన్లు మొండికేసినప్పుడు కబుర్లు కూడా తగ్గాయి. సొంత ఇంజను పగలగొట్టుకున్నవాడిని ఎవరు పిలుస్తారు? కొన్ని నెలలకు చిన్నాయన కృష్ణ మీద లాంచీల్లో పనికి పోయాడు. ఆయన పోవడానికి ముందే, ఆ జూన్‌లో, నన్ను కర్నూలు హాస్టల్లో చేర్చారు. బస్సు దగ్గర ఆయన నాకు ఒక బలపాల డబ్బా ఇచ్చాడు. పద్నాలుగేళ్ళ పిల్లకు బలపాలు అక్కర్లేదని కూడా ఆయనకు తెలియదు. నేను ఆ డబ్బా పట్టుకుని నంద్యాల దాకా ఏడ్చాను. అందరూ ఇంటి మీద బెంగ అనుకున్నారు.

తర్వాత నేను ముప్పై ఏళ్ళు బళ్ళలో సైన్సు చెప్పాను. వేడి గురించి పాఠం ప్రతి ఏడూ వచ్చేది. నీళ్ళు వేడిని ఎట్లా మోసుకుపోతాయో చెప్పడానికి నా దగ్గర ఉన్నంత మంచి ఉదాహరణ ఏ టీచరు దగ్గరా ఉండదు. ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇప్పుడు మా ఇంట్లో మీట నొక్కితే నీళ్ళు కాగుతాయి. ఎక్కడ కాగుతున్నాయో, ఎవరి ఒంటి వేడిని మోసుకొస్తున్నాయో ఎవరికీ పట్టదు. ఇది మంచికే. ఆ రాతితొట్టి దగ్గర చలికి వణికినవాళ్ళెవరూ పాత రోజులే బాగుండేవని అనరు. కానీ చెయ్యి పెట్టి చూసి "బాగుండాది" అని చెప్పే మనిషి ఇంటికొకడు ఉండేవాడు. అది మాత్రం లేదు.

నాగవేణి బోటు నడుపుతోంది. వెనక ఇంజను పెట్టె పక్కన నేను, చిన్నాయన. రాతిగోడల మధ్య ఎండ ఏటవాలుగా పడుతోంది. జల్లెడ డబ్బా గాజులోంచి నీళ్ళు పచ్చగా కనపడుతున్నాయి.

"చిన్నాయనా, నీతో ఒక మాట చెప్పాల" అన్నాను. రాయలసీమ వదిలి పోయినదానిలా పుస్తకాల తెలుగు మాట్లాడే నా నోట్లోంచి ఆ మాట పాత యాసలోనే వచ్చింది. "ఆ పొద్దు కొళాయి తిప్పింది నువ్వు గాదు. నేను. ఉడుకునీళ్ళ కోసరం తిప్పి మర్చిపోయినా. నువ్వు మర్చిపోలేదు. ఇన్నేండ్లూ నీదే తప్పనుకొని ఉంటివి."

ఆయన నీళ్ళవైపే చూస్తూ ఉన్నాడు. చెవుడు వచ్చిందేమో, మళ్ళీ చెప్పాలేమోనని భయపడ్డాను. ఒకసారి చెప్పడానికే ఇన్నేళ్ళు పట్టింది.

"తెలుసులే పాపా" అన్నాడు.

"ఎట్ల తెలుసు?"

"కొళాయి పిడికి శీకాయ అంటుకోనుండె. తడి ఆరలే. మా నాయన వచ్చేలోపల తుండుగుడ్డతో తుడిచేసినా. మా అమ్మ పోసుకొని అప్పటికి శానా సేపాయ. నేనేమన్నా తలంటుకున్న్యానా?"

"మరి ఎందుకు చెప్పలే? నీ చేతిలోంచి హ్యాండిలు పాయ, ఊరు పాయ" అన్నాను.

"చెప్తే పగిలిన తల అతుక్కుంటాదా? ఆడపిల్లను హాస్టలుకు పంపేది ఏందని మా నాయన అప్పటికే మూలుగుతాండె. ఎప్పుడు వంక దొరుకుతాదా అని ఉండె. ఈ మాట తెలిసింటే నిన్ను ఇల్లు కదలనిస్తాడా?" తుండుగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "లాంచీ పని నాకు బాగనే ఉండె. కుందూలో ఏముండాది? మోకాటిలోతు నీళ్ళు."

నేను ఏడ్చాను. దాచుకోలేదు. ఆ బస్సులో నంద్యాల దాకా ఏడ్చినదానికి మిగిలిన భాగం అక్కడ ఏడ్చాను. నేను మోస్తున్నది ఆయన బాధ అనుకుంటూ ఇన్నేళ్ళు తిరిగాను. ఆయనేమో నేను మర్చిపోయిన కొళాయికి తాళంచెవి తగిలించి, ఎక్కిన ప్రతి లాంచీలోనూ దాన్ని పద్ధతిగా మార్చి, కూతురికి కూడా నేర్పాడు. ఎవరి తప్పు నుంచి వచ్చిన పద్ధతో మాత్రం ఆమెకు చెప్పలేదు. నాగవేణి ముందు నుంచి వెనక్కి తిరిగి, "ఏమాయనక్కా?" అంది. "ఏంలేదు, కంట్లో నీళ్ళు పడినాయి" అని ఆయనే జవాబిచ్చాడు.

కాసేపటికి మోచేత్తో నన్ను పొడిచాడు. బోటు పక్కన వేలంత పైపులోంచి ధార పడుతోంది. "చెయ్యి పెట్టి చూడు పాపా. ఎట్లుండాదో చెప్పు. నాకు చేతులు మొద్దుబారినాయి."

వంగి అరచెయ్యి పెట్టాను. కళ్ళు మూసుకున్నాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, ధార నిండుగా ఉంది.

"బాగుండాది చిన్నాయనా" అన్నాను. "కానీ తలంటుకు చాలవు."

"చాలకూడదనే గదా" అన్నాడు, "ఇన్నేండ్లు పడిన పాట్లు."